ఈడ నీళ్లు పొయ్యండి

మా అన్న పావగడలో బోర్డులు రాసేవాడు. కిరాణా అంగళ్లు, వేరుశనగ మిల్లులు, ఎరువుల కొట్లు, ఎడ్లబండ్ల వెనక చెక్కలు, లారీల ముందు భాగాలు, ఎలక్షన్లు వస్తే గోడలు. మా తాలూకా కర్ణాటకలో ఉన్నా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. అందుకని అంగడి పెట్టిన ప్రతివాడూ రెండు భాషల్లోనూ బోర్డు అడిగేవాడు. ఆ రెండు లిపులకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, తలకట్టు పైకి తిప్పితే తెలుగు, పక్కకు చాపితే కన్నడం అని అన్న నవ్వేవాడు. అది ఎగతాళికి అన్న మాటే. కానీ ఆయన రాస్తుంటే నిజమేననిపించేది. తెలుగు అక్షరం మీద ఆయన వేసే తలకట్టు చివర సన్నబడి, కాస్త పైకి లేచి ఆగేది. బస్సులో పోతూ చూసినా అది మా అన్న రాత అని చెప్పేసేదాన్ని.

తొంభైల మధ్యలో ఆ తలకట్టు లేవడం తగ్గింది.

మా పళ్ల మీద గోధుమరంగు మరకలు అందరికీ ఉన్నాయి. వాటిని మేము జబ్బని అనుకోలేదు. తెల్లటి పళ్లున్న మనిషి కనిపిస్తే బయటి ఊరి మనిషి అనుకునేవాళ్లం, అంతే. వానలు లేక బావులు ఎండి, బోర్లు లోతుకు పోయేకొద్దీ ఆ నీళ్లలోని ఫ్లోరైడు పళ్లతో ఆగక ఎముకల్లోకి దిగింది. అన్నకు మొదట మెడ పట్టేసింది. తర్వాత చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. ఆ తర్వాత వేళ్లు ముడుచుకుపోయాయి. అప్పటికి ఆయనకు పెళ్లి చూపుల వయసు. డాక్టరు చూసి నీళ్లు మార్చమన్నాడు. ఏ నీళ్లకు మార్చాలో మాత్రం చెప్పలేదు. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లు కుంచెను గుడ్డపీలికతో చేతికి కట్టించుకుని రాశాడు. కట్టేదాన్ని నేనే. గోడ మీద పై వరస ఇంకెవరో రాసేవాళ్లు, అన్న స్టూలు మీద కూర్చుని అందినంత మేర కింది వరస రాసేవాడు. చూసినవాళ్లు బాగుందప్పా అనేవాళ్లు. అది జాలితో అన్న మాట అని ఆయనకూ తెలుసు. జాలిపడ్డవాళ్లు మళ్లీ పనికి పిలవరు.

కంప్యూటర్ ఆలోచన అప్పుడు వచ్చింది. తుమకూరులో పెళ్లికార్డులు, బోర్డుల డిజైన్లు, చనిపోయినవాళ్ల ఫోటోలకు దండలు వేయడం, అన్నీ కంప్యూటర్ మీదే చేస్తున్నారని తెలిసింది. నేను అప్పటికే ఒక కంప్యూటర్ క్లాసులో కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు కొట్టడం తప్ప వాళ్లు నేర్పింది ఏమీ లేదు. మౌస్ గది మొత్తానికి ఒకటే ఉండేది, అది ఎప్పుడూ సారు అరచేతి కిందే ఉండేది. ఆ చదువుతోనే మా ఇంట్లో నేను కంప్యూటర్ తెలిసిన మనిషినైపోయాను. కూర్చుని చేసే పని, చెయ్యి ఎత్తక్కర్లేదు, మెడ తిప్పక్కర్లేదు, తెర ఎదురుగానే ఉంటుందని అన్నకు చెప్పాను.

"దాంట్లో గీసేదానికి అయితాదా పాపా?" అన్నాడు.

అవుతుందన్నాను. అప్పట్లో అందరూ అదే అనేవాళ్లు. ఆయనకు కావాల్సింది సంపాదన ఒక్కటే కాదు. మళ్లీ తన చేత్తో ఒక అక్షరం గీయగలనా అనేదే ఆయన ప్రశ్న. అది నాకు అర్థమైంది, ఇంట్లో అందరికీ అర్థమైంది. మా వేరుశనగ చేను నాగలమడిక దగ్గర ఏటి పక్కన ఉండేది. చాలా ఏళ్లకు ఆ ఏడు కాయ నిండి చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. నాన్న ఇంకేమీ అడక్కుండా బెంగళూరుకు బయల్దేరదాం అన్నాడు.

కంప్యూటర్‌ను ముక్కలు ముక్కలుగా అమ్మి, కావాల్సినట్టు కూర్చి ఇచ్చే అంగళ్లు బెంగళూరు పాతపేటలో ఒక సందు నిండా ఉండేవి. ముగ్గురం ఒక అంగట్లో కూర్చున్నాం. నాన్న విత్తనాలు ఎంచినట్టే సామాను ఎంచాడు. ఇనుప డబ్బాను కణుపులతో కొట్టి, ఇది పలచన, ఇంకోటి చూపించమన్నాడు. హార్డ్ డిస్క్ చేతికిస్తే బరువు చూసి, చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించబోయాడు. వేరుశనగ కాయ ఎండిందా లేదా అని మేము చూసేది అట్లాగే, ఎండితే లోపల గింజ మోగుతుంది.

"మోగలేదే. ఇంగా పచ్చి ఉండాదేమో," అన్నాడు.

అంగడి అబ్బాయి దాన్ని రెండు చేతులతో లాక్కుని, ఊపితే ఇది చచ్చిపోతుంది యజమానరే అని కన్నడంలో మొత్తుకున్నాడు. అన్న నవ్వాడు. మెడ కదలదు కాబట్టి నడుము దగ్గర్నుంచి పైకంతా ఊగుతూ నవ్వాడు. అంతగా నవ్వగా నేను మళ్లీ చూడలేదు.

మెమరీ అంటే ఏమిటని అన్న అడిగాడు. ఒకేసారి ఎన్ని రంగు డబ్బాలు మూత తీసి పక్కన పెట్టుకోవచ్చో అది మెమరీ, పని అయ్యాక డబ్బాలు సర్దుకునే గది హార్డ్ డిస్క్ అని చెప్పాను. అయితే డబ్బాలు ఎక్కువే కావాలన్నాడు. డిస్‌ప్లే కార్డులు రెండు రకాలు పెట్టి ఆ అబ్బాయి ఒకే బొమ్మను రెండింటి మీదా చూపించాడు. సాయంత్రపు ఆకాశం. నాకు రెండూ ఒకటే అనిపించాయి. అన్న మాత్రం మొదటిదాంట్లో ఎరుపు నుంచి పసుపుకు రంగు మెట్లుమెట్లుగా దిగుతోందని, రెండోదాంట్లో జారుతోందని చెప్పాడు. రెండోది తీసుకున్నాం. కళ్లకు ఏ జబ్బూ లేదు కదా అని నాకు ఆ పూట చాలా సంతోషమేసింది.

మిగిలిన డబ్బుతో ఒకటే వస్తుంది, స్కానర్ కావాలా, పెద్ద మానిటర్ కావాలా అని ఆ అబ్బాయి అడిగాడు. స్కానర్ అంటే కాగితం మీద ఉన్న రాతను ఉన్నది ఉన్నట్టు లోపలికి తీసుకునేదని నేను అన్నకు చెప్పాను. మానిటర్ చిన్నదైతే ముందుకు వంగి చూడాలి, అది ఆయన వల్ల కాదు. కానీ అన్న నిర్ణయించింది అందుకు కాదు.

"కాపీ కొట్టేది మనకెందుకు పాపా. పాతదంతా గోడల మీద ఉండాది. కొత్తది నేను గీస్తా గదా," అన్నాడు.

పెద్ద మానిటర్ తీసుకున్నాం. మౌస్ గురించి ఎవరమూ ఒక్క మాట అడగలేదు. అది కీబోర్డుతో పాటు ఊరికే వచ్చేది. ఆ అబ్బాయి దాన్ని వైర్లతో పాటు సంచిలో వేశాడు.

ఊళ్లో ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టాం. ఎర్తింగ్ సరిగా లేకపోతే మీ ఊరి కరెంటుకు అన్నీ మాడిపోతాయని బెంగళూరులోనే భయపెట్టి పంపారు. కరెంటు పని చేసేవాడు వచ్చి పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి పైపు దించాడు. నేల ఎండితే ఎర్త్ పట్టదని, రోజూ గుంతలో బిందెడు నీళ్లు పోయాలని చెప్పాడు. కొళాయి దగ్గర బిందెల వరస ఉన్న ఊళ్లో ఆ మాట వినగానే అమ్మ అతని ముఖంలోకి చూసింది.

"దానికీ దప్పికయితాదా?" అంది.

బోరు నీళ్లయితే ఇంకా మంచిదట. వాటిలో ఉప్పులు ఎక్కువ కాబట్టి కరెంటు బాగా దిగుతుందట. మా అన్న చేతిని తినేసిన నీళ్లు కంప్యూటర్‌కు సరిగ్గా సరిపోయాయి.

పూజ చేసి, తెర వెలిగాక అన్న కుర్చీలో కూర్చున్నాడు. ఏ గోడ మీదైనా ఆయన మొదట శ్రీ రాసేవాడు, కుంచె ఎత్తకుండా. ఇక్కడా అదే రాస్తానన్నాడు. మౌస్ మీద చెయ్యి పెట్టబోతే అరచెయ్యి కిందికి తిరగలేదు. మణికట్టు పట్టేసి ఉంది. చేతిని పక్కవాటున ఆనించి పిడికిలితో తోశాడు. తెర మీద గీత ఒకటి అడ్డంగా పరుగెత్తి మూలకు పోయి ఆగింది. నేను పాత గుడ్డపీలిక తెచ్చి మౌస్‌ను ఆయన చేతికి కట్టాను. కుంచెకు కట్టినట్టే అనుకున్నాను. కుంచెకైతే నొక్కే పని లేదు. దీనికి చూపుడువేలు చాచి నొక్కితే తప్ప గీత పడదు, ఆ వేలు చాచుకోదు. నొక్కే పని నేను చేస్తానన్నాను. నేను నొక్కేటప్పటికి ఆయన చెయ్యి కదిలేది, ఆయన కదిలించేటప్పటికి నేను వదిలేదాన్ని. శ్రీ రాలేదు. చేతికర్రతో బురదలో గీసినట్టు ఏదో వచ్చింది.

అన్న అంత తేలిగ్గా వదల్లేదు. చాలా రోజులు పొద్దున్నే కూర్చునేవాడు. మేమెవరం ఆ గదిలోకి పోయేవాళ్లం కాదు. లోపల మౌస్ బల్లకు తగిలే చప్పుడు వినబడేది. ఒకరోజు చప్పుడు లేదు. పోయి చూస్తే గుడ్డపీలిక పళ్లతో విప్పుకుని, కుర్చీ వెనక్కి జరుపుకుని ఉన్నాడు.

"నువ్వే నడుపు పాపా. మెషిన్ ఊరికే ఉండకూడదు," అన్నాడు.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. తర్వాత వచ్చి కూర్చుని పెళ్లికార్డు మొదలుపెట్టాను.

పని బాగానే నడిచింది. ఫాంటులో ఎన్ని అక్షరాలు కొట్టినా ఒకే కొలత, ఒకే నునుపు. వచ్చినవాళ్లు అచ్చులో పోసినట్టుందని మెచ్చుకునేవాళ్లు, మా అన్న పక్కనే కూర్చున్నాడన్న ధ్యాస లేకుండా. ఆయన మెడ తిప్పలేడు కాబట్టి నేనే మానిటర్‌ను ఆయన వైపు తిప్పేదాన్ని. రంగు ఎక్కడ ఎక్కువైందో, అక్షరాల మధ్య ఎక్కడ ఎడం చాలదో చెప్పేవాడు. ఒకసారి మాత్రం, తలకట్లన్నీ ఒకే మాదిరి ఉండాయే, వీటికి మనిషి లేడా అన్నాడు. బయట మళ్లీ వానలు లేకుండా పోయాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. నడిచే అంగళ్లవాళ్లు కొత్త బోర్డులు నా దగ్గరే చేయించుకుని, పాత రాతల మీద సున్నం కొట్టించారు. ఆ సున్నం కింద పోయింది ఎవరి చెయ్యో నాకు తెలుసు. అయినా పని ఒప్పుకునేదాన్ని. ఇల్లు దాంతోనే గడిచేది.

ఒక ఎండాకాలం అమ్మ రెండు మూడు రోజులు వరసగా గుంతలో నీళ్లు పోయడం మరిచిపోయింది. గది తుడుస్తూ కంప్యూటర్ డబ్బాను తాకితే షాకు కొట్టి పక్కకు పడింది. ఏమీ కాలేదు కానీ అన్న బాగా భయపడ్డాడు. మానిటర్ వచ్చిన అట్టపెట్టె మూత చింపించి, పాత ఎనామెల్ డబ్బా తెప్పించి, కుంచె కట్టమన్నాడు. చాలా రోజులకు కట్టాను. నాకు పని తొందర, కట్టేసి లోపలికి పోయాను. సాయంత్రం ఆ అట్ట గుంత పైన గోడకు మేకుకు వేలాడుతూ కనిపించింది. అమ్మ దాని ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, అట్లనే లేప్పా అంది. ఆ రోజు నుంచి మరవలేదు.

కొన్నేళ్లకు స్కానర్ కొన్నాను. అన్న రాతలు లోపలికి తీసుకుని, ఆయన అక్షరాలతోనే ఒక ఫాంటు చేయాలని నా ఆశ. ఇల్లంతా వెతికాను. కాగితం మీద ఆయన రాసింది ఏదీ దొరకలేదు. గోడల మీద రాసేవాడు కాగితాలు దాచుకోడు. చివరికి పెరట్లో అట్ట గుర్తొచ్చింది. వానలు పడి ఉంటే అది ఎప్పుడో నానిపోయి ఉండేది. అంచులు ఎండి వంకరపోయాయి కానీ రాత చెక్కుచెదరలేదు.

ఈడ నీళ్లు పొయ్యండి.

తెర మీదికి వచ్చాక అట్టను మళ్లీ మేకుకు తగిలించి, ఆ రాతను మొదటిసారి సరిగ్గా చూశాను. జీవితమంతా పుస్తకాల తెలుగులో, ఆఫీసు కన్నడంలో బోర్డులు రాసినవాడు ‘ఇక్కడ’ అని రాయలేదు. ఇంట్లో అమ్మతో మాట్లాడినట్టే రాశాడు. అక్షరాలు వణికాయి. డ మీదా య మీదా తలకట్టు పైకి లేవక, పక్కకు చాపుకుపోయి కన్నడం మాదిరి ఉంది. అప్పటికి అన్న మంచం మీదే ఉంటున్నాడు, అన్నం అమ్మే తినిపించేది. మంచం ముందు గదిలోకి వేయించి మానిటర్ తిప్పాను. చాలాసేపు చూశాడు.

"ఆ డ మీద తలకట్టు పైకి తిప్పు పాపా," అన్నాడు.

మౌస్ పట్టుకుని తిప్పాను. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం తిప్పాను. చివర సన్నం చెయ్యమన్నాడు, చేశాను. చాలు అన్నాడు. య మీద కూడా అట్లాగే చేయించాడు.

మరుసటి ఏడు అన్న పోయాడు. ఊళ్లో పోయినవాళ్ల ఫోటోలకు దండవేసి కింద పేరు పెట్టే పని ఎన్నేళ్లుగానో చేస్తున్నాను. అన్న ఫోటో కింద ఆయన పేరు ఆయన రాతలోనే పెట్టాలనుకున్నాను. నా దగ్గరున్నవి ఆ అట్ట మీది అక్షరాలే. వాటిలో ఆయన పేరు లేదు. ఒక అక్షరం నుంచి వంపు, ఇంకోదాని నుంచి కొమ్ము కోసి అతికించి చూశాను. అతికినచోటల్లా అది ఆయన చెయ్యి కాకుండా పోయింది. చివరికి అందరికీ పెట్టే ఫాంటుతోనే పెట్టి, ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను.

అమ్మ దగ్గరికి వచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఇది వాని రాత కాదు గదా," అంది.

కాదన్నాను. అమ్మ బిందె తీసుకుని పెరట్లో అట్ట కింది గుంత దగ్గరికి వెళ్లింది.