వానకు దగ్గే కారు, మామకు తగిలిన నింద

పెళ్లయిన కొత్తలోనే మామగారితో మాటలు తెగిపోయేంత ఘనకార్యం చేసినవాణ్ణి నేను. ఆస్తి తగాదా అనుకునేరు, కాదు. పట్టింపులూ కాదు. అంతా వాన తెచ్చిన తంటా.

మాది సూర్యాపేట, మామగారిది కోదాడ. ఆయన ఎన్నో ఏళ్లు వాడిన తెల్లకారును మేం కాపురం పెట్టాక మాకిచ్చేశారు. ఎండాకాలమంతా బంగారంలా నడిచింది. వానలు మొదలయ్యాక రోగం పట్టుకుంది. వాన కురిసిందంటే చాలు, చుట్ట మానని ముసలాయనలా దగ్గేది, నాలుగుసార్లు ఎగిరిపడి ఆగిపోయేది. కాసేపయ్యాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా బుద్ధిగా ఉండేది.

"బండి మంచిగనే ఉంది సార్. వాన పడ్డప్పుడు తీస్కరండి" అన్నాడు మెకానిక్.

"వాన పడితే అది కదలదు గదనయ్యా."

"అయితే ఫోన్ చెయ్యండి, నేనే వస్త. వాన తగ్గినంక."

ఇక లాభం లేదని నేనే వైద్యానికి దిగాను. ఫోన్లో వీడియోలు చూసి ప్లగ్గులు మార్చాను. వైర్లు తడుస్తున్నాయేమోనని దొరికిన ప్రతి ప్లాస్టిక్ కవరూ చుట్టాను. నా భార్య సునీత బానెట్ లోకి తొంగిచూసి, "ఇది ఇంజనా, కిరాణా కొట్టా?" అంది. కవర్లు వేడికి కరిగి వీధంతా కంపు కొట్టింది గానీ దగ్గు తగ్గలేదు. అప్పుడు నా బుర్రకు మహా సత్యం తట్టింది.

"మీ నాయన తెలిసే మనకు తుక్కు బండి అంటగట్టిండు."

"అన్నేళ్లు నడిపాడండీ నాన్న. ఒక్కరోజు ఆగలేదు."

"ఆగితే నీకు చెప్తడా?"

ఆ పూట కూరలో ఉప్పు లేదు. అడిగే ధైర్యం నాకూ లేదు.

ఇంతలో మిర్యాలగూడలో బంధువుల గృహప్రవేశం వచ్చింది. ముందురోజే కోదాడ వెళ్లాం. రాత్రంతా కుండపోత. పొద్దున అదే వానలో మామగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. దారిలో కారు ఆగిపోవాలని మనసులో మొక్కుకున్నాను. సొంత బండి చెడిపోవాలని మొక్కుకున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. గరిడేపల్లి దాటగానే దేవుడు కరుణించాడు. కారు దగ్గి, ఎగిరిపడి, ఆగింది.

"సూసిన్రా మామా, మీరిచ్చిన బండి ఎట్లుందో. తెలిసే మా నెత్తిన పెట్టిన్రు గదా" అన్నాను గెలిచిన లాయర్లా.

వెనక సీట్లోంచి సునీత నా భుజం గిల్లింది. మామగారి మొహం చిన్నబోయింది. "కన్నకూతురికిచ్చే కారులో మోసం చేస్తానా అల్లుడూ" అన్నారు మెల్లగా.

నేను కరగలేదు. గరిడేపల్లి నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను పైపు విప్పి పెట్రోలును ఖాళీ సీసాలోకి పట్టాడు. పైన పెట్రోలు, అడుగున నీళ్లు, వేరువేరుగా కనిపించాయి.

"ట్యాంకుల వాననీళ్లు పడ్డయ్ సార్. గందుకే గిట్ల అయితుంది."

"అంటే ట్యాంకుకు చిల్లి ఉన్నట్టే" అని మామగారి వైపు తిరిగాను. "చిల్లి బండి ఇచ్చిన్రు."

"చిల్లి ఉంటే పెట్రోలు బయటికి కారాలి గానీ, నీళ్లు లోపలికెలా వస్తాయయ్యా?"

అంటూనే ఆయన గొడుగేసుకుని కారు వెనక్కి నడిచారు. పెట్రోలు పోసే చోట చిన్న తలుపు తెరిచి, చెయ్యి పెట్టి, నీళ్లోడుతున్న గుడ్డ ఒకదాన్ని లాగారు. విప్పి చూస్తే అది బనీను.

"మూత ఏదల్లుడూ?"

"ఎండాకాలంల బంకు కాడ పోయింది మామా. అప్పటి మటుకు అని... గది పెట్టిన."

కొత్త మూత కొనడానికి బద్ధకించి పాత బనీనును ఉండచుట్టి కుక్కాను. మూతకన్నా బిగుతుగా కూర్చుందని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. వానొచ్చినప్పుడల్లా అది కడుపారా నీళ్లు తాగి ట్యాంకులోకి వదులుతుందని నేను చూసిన వీడియోల్లో ఒక్కరూ చెప్పలేదు.

మామగారు బనీనును శ్రద్ధగా పిండి, నా చేతిలో పెట్టారు.

"కారు నేనిచ్చిందే అల్లుడూ. ఇది మాత్రం నేనివ్వలేదు."

సునీత కారు తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, మిర్యాలగూడ చేరేదాకా ఆపలేదు. భోజనాల వేళకు అక్కడ వడ్డించేవాళ్లకు కూడా సంగతి తెలిసిపోయింది. ఆ విస్తరి ముందే అందరూ వింటుండగా ప్రమాణం చేశాను: ఇక ఈ జన్మలో నా కారు ఎక్కడ ఆగినా సరే, మామగారి నిజాయితీని శంకించే ముందు నా బనీనులు లెక్కపెట్టుకుంటాను.