గాజుపలక మీద ఖాళీ కుర్చీ

ఈ ఎడారి దేశంలో సెలవు రోజైన శుక్రవారాల్లో మా హేతువాద మిత్రులు అల్ సద్‌లోని మా ఫ్లాట్‌లో కలిసేవారు. హాలు గోడకి ఒకే ఒక ఫోటో ఉండేది. పక్కపక్క కుర్చీల్లో దంపతులు. ఆమె నుదుట పెద్ద బొట్టు, మెడలో నల్లపూసలు. పంతొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువు ఆవిడేనని, ఆ ఫోటో తీసిన పాపానికి ఫోటోగ్రాఫర్‌ని కులం వెలివేసిందని, ఆ ఫోటో నాకిస్తూ చెప్పింది వాళ్ళలో ఒకడైన నా మిత్రుడే. ఆ ఫోటోగ్రాఫర్ అతని ముత్తాత. ఎవరో దొర వెంట కెమెరా పెట్టె, డేరా మోసి పని నేర్చుకున్నాడట. కోస్తా పట్నంలో స్టూడియో పెట్టి జమీందార్లని కూర్చోబెట్టి ఫోటోలు తీశాడట. ఈ ఒక్క ఫోటోతో గిరాకీ పోయి, పేదవాడిగా చనిపోయాడట. ఆ ‘అట’లన్నీ తీసేసి నేను ఉపన్యాసాలిచ్చాను, వ్యాసాలు రాశాను. గాలిలోంచి విభూతి తీసే స్వాముల్ని నిలదీసిన నోటితోనే ఆ కథ చెప్పాను.

అసలు గాజు నెగెటివ్ చూపించమంటే మిత్రుడు పగిలిపోయిందనేవాడు. ఓ సాయంత్రం పుస్తకం కోసం అబూ హమూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. అతనింకా డ్యూటీ నుంచి రాలేదు. ఆ నెగెటివ్ ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని మాటవరసకి అన్నాను.

“పగిలిందని ఎవరన్నారు అన్నయ్యగారూ? మొన్న సెలవుల్లో చీరల మధ్య పెట్టి నేనేగా తెచ్చాను,” అంటూ అతని భార్య బీరువా తెరిచింది.

పలకని కిటికీ వెలుగుకి ఎత్తాను. ఆమె ఉంది. పక్క కుర్చీ ఖాళీ. ఆమె నుదుటి మీద, మెడ చుట్టూ కత్తిమొనతో పూత గీకేసి ఉంది. నెగెటివ్‌లో గీకిన చోటు కాగితం మీది అచ్చులో నల్లగా పడుతుంది. బొట్టూ నల్లపూసలూ అలా వచ్చినవే. ఆమెకి మళ్ళీ పెళ్ళి కాలేదు. చనిపోయిన మొగుడి పాత ఫోటోని అచ్చులో ఆ కుర్చీ మీదికి చేర్చి, అత్తవారి గోడకి ముత్తైదువని తయారుచేసి ఇచ్చారు.

మిత్రుడు వచ్చాడు. నా చేతిలో పలక చూసి చెప్పులు విప్పడం మరిచిపోయాడు. కానీ దాచలేదు. నేను ఊహించినదంతా నిజమేనన్నాడు. వెలీ లేదు, పేదరికమూ లేదు. పోయినవాళ్ళని ఉన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టే ఈ పనితోనే ముత్తాత పేరు తెచ్చుకున్నాడు, మేడ కట్టాడు.

“నీకెప్పట్నించి తెలుసు?”

“చిన్నప్పట్నించీ. అయితే ఏమైంది మాస్టారూ? ఆ కథ విని మారినవాళ్ళున్నారు. మంచికేగా వాడుకున్నాం.”

“స్వాములూ అదే అంటారు.”

“అయితే వాళ్ళతోపాటు నన్నూ తిట్టండి. పలక మాత్రం ఇలా ఇవ్వండి.”

తీసుకుని లోపల పెట్టేశాడు. అతను ఆ కథని ఏ సభలోనూ చెప్పలేదని దారిలో తట్టింది. ప్రతిసారీ ముందు వరసలో కూర్చుని నా నోటనే విన్నాడు.

శుక్రవారం ఫోటో దింపి చేతిలో పట్టుకుని, చూసినదంతా చెప్పాను. ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంప్ నుంచి వచ్చే మేస్త్రీ లేచాడు. చనిపోయిన అన్న భార్యకి మళ్ళీ పెళ్ళి చేయాలని ఊళ్ళోవాళ్ళతో ఫోన్‌లో పోట్లాడుతున్న మనిషి.

“సార్, మావోళ్ళకు గీ ఫోటోనే పంపిన. ఇప్పుడు అబద్ధమంటే నేనేం మొకం పెట్టుకోని మాట్లాడాలె?”

ఆమెకి పెళ్ళి చేయడం న్యాయమని, న్యాయానికి దొంగ సాక్షి అక్కర్లేదని చెప్పాను. అతను నా మాట విని మిత్రుడి వైపు తిరిగాడు. అందరూ తిరిగారు.

మిత్రుడు నెమ్మదిగా లేచి, “మాస్టారికి ఈమధ్య ఆఫీసులో పని మరీ ఎక్కువైంది. నిద్ర ఉండట్లేదు పాపం. ఆ పలక ఎప్పుడో పగిలిపోయింది తమ్ముడూ,” అన్నాడు.

మేస్త్రీ ఊపిరి పీల్చుకున్నాడు. మర్యాదగా నా చేతిలోంచి ఫోటో తీసుకుని, కుర్చీ ఎక్కి, మళ్ళీ మేకుకి తగిలించాడు. నా ఇంటి గోడకి, నా కళ్ళ ముందే.