ముప్ఫయ్యో రోజు ఫోను

అత్యవసర విభాగంలో నర్సులు ఆయన్ని చాటుగా గడియారం డాక్టరంటారు. జ్వరంతో స్పృహ తప్పిన మనిషిని లోపలికి తేగానే ముందు గోడ గడియారం చూస్తాడు, తర్వాతే నాడి. మొదటి సూది పడిన నిమిషాన్ని ముంజేతి మీద పెన్నుతో రాసుకుంటాడు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు మందు ఎంత ఆలస్యమైతే ఎంతమంది పోతారన్నదే ఇరవై రెండేళ్ళుగా ఆయన పరిశోధన. చేతులు కడిగీ కడిగీ వేళ్ళు పగుళ్ళిచ్చాయి. ఇంటికి పంపిన ప్రతి రోగికీ ముప్ఫయ్యో రోజున తనే ఫోన్ చేస్తాడు, బతికున్నదీ లేనిదీ రాసుకోవడానికి. ఆ పని ఇంకొకరికి ఇవ్వడు.

మొన్నొకరికి చేస్తే రోగి భార్య ఎత్తింది. "మీ ఆయన ఉన్నారామ్మా?" అన్నాడు. "లేరండీ" అందావిడ. ఆయన కళ్ళు అప్పటికే జాబితాలో తర్వాతి పేరు మీదున్నాయి. "ఎప్పుడొస్తారు?" అంటూనే పెన్సిల్‌తో "మళ్ళీ చెయ్యాలి" అని రాసేశాడు. "నయమైందని మీరే కదండీ పంపించారు. వచ్చిన నాలుగో రోజే..." అందావిడ, కోపంగా కూడా కాదు.

జాబితాలో ఆ రోగి గడిలో "మృతి" అని ఇంకుతో రాశాడు గానీ, పక్కనున్న పెన్సిల్ మాట చెరపలేకపోయాడు. అలసిపోయి పడుకున్నప్పుడు ఎవరు ఫోన్ చేసినా "నాన్న లేరండీ" అనమని కూతురికి నేర్పింది ఆయనే. నిన్న ఆ పిల్ల అలాగే అంటుంటే మంచం దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఉన్నానని చెప్పమ్మా," అన్నాడు, "ఉన్నానని చెప్పు."