ఈలక్క కక్కుకున్న రోజు

ఈలక్క గురించి ఆ పేటలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. స్కౌట్ క్యాంపులో పిల్లలు వండిన అన్నం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో, కడుపులో ఉన్నదంతా తెచ్చి కమిటీ ప్రెసిడెంటు కొత్త బూట్ల మీద పోసిందట. క్షవరం కొట్లో చెప్పేటప్పుడైతే బూట్లు నిండి పొంగుతాయి కూడా. బడి గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులు గొంతు తగ్గించి, "నడిపించే ఆవిడకే ఇమడని తిండి మన పిల్లలకు పెడుతోందమ్మా" అనుకుంటారు. ఒకావిడ మరీ ముందుకెళ్ళి, ఈ వయసులో నెల తప్పిందేమోనని అనుమానం కూడా పడింది.

కక్కుకున్న మాట నిజమే. బూటు మాటా నిజమే. కాకపోతే ఒక్క బూటే, ఎడమ కాలిది.

ఈలక్క పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుందని పిల్లలు పెట్టిన పేరది. ఇప్పుడు పోస్టుమాస్టరు కూడా అలాగే పిలుస్తాడు. రోత విషయంలో ఆమెది మహా సున్నితమైన ప్రాణం. స్టాంపులు తడుపుకోవడానికి కౌంటర్ మీద తడి స్పాంజి పెట్టే ఉంటుంది. అయినా జనం నాలుక బారెడు చాపి స్టాంపు నాకి, కవరుకు అంటించి, ఆ ఎంగిలి వేళ్ళతోనే ఆమె చేతికిస్తారు. ఆమె దాన్ని రెండు గోళ్ళతో అంచు పట్టుకుని అందుకుంటుంది. ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటే గాని మంచినీళ్ళు ముట్టదు. అద్దాలు కోసే పని చేసే ఆమె మొగుడు తను తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించినా, దాన్ని తీసి మళ్ళీ కడుగుతుంది.

"నా గ్లాసు దగ్గరే ఇంత చేస్తావు, ఆదివారం వస్తే ఆ చీమిడి ముక్కుల మందలో ఎలా తిరుగుతావే?" అని ఆయన వేళాకోళం.

"వాళ్ళని తుడుచుకోమంటే తుడుచుకుంటారు. మీకు చెప్పడం నా వల్ల కాలేదు."

కొడుకు చిన్నప్పుడు బడి స్కౌట్ దళంలో చేరాడు. అప్పటి స్కౌట్ మాస్టారికి బదిలీ అయితే, "ఒకటి రెండు ఆదివారాలు చూసుకోండమ్మా" అని ఈల తీసి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. దాన్ని ఆమె నీళ్ళలో బాగా మరగబెట్టి మెడలో వేసుకుంది. కొడుకు పెద్దవాడై గడ్డం పెంచి, కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు. ఈల మాత్రం ఆమె మెడలోనే ఉండిపోయింది.

పిల్లల మట్టి ఆమెకు అలవాటయింది. గీరుకుపోయిన మోకాళ్ళు, జడల్లో ముళ్ళు, తడి మేజోళ్ళ కంపు, అన్నీ మూతి బిగించి భరించేది. భరించలేనిది పెద్దవాళ్ళనే. దళం కలుసుకునేది బడి వెనక రేకుల హాల్లో. అక్కడే దళాన్ని చూసే పెద్దల కమిటీ సమావేశాలు కూడా. అవి జరిగిన మర్నాడు లోపల అడుగుపెట్టాలంటే ముక్కుకు స్కార్ఫు అడ్డం పెట్టుకునేది. టీ కప్పుల్లో ఆర్పిన సిగరెట్ పీకలు, సింకులో నాని ఉబ్బిన బిస్కెట్లు, కుర్చీ చేతులకు తుడిచిన జిడ్డు. పిల్లలకు శుభ్రత ఎలా నేర్పాలో చర్చించిన వాళ్ళు వదిలిపెట్టి వెళ్ళిన సంపద అది.

ఆ యేడు ఆమెకు సాయంగా ఒక కుర్రాడు వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, నున్నగా దువ్విన తల, నేర్చుకోవాలన్న ఆత్రం. అతన్ని పెద్దవాళ్ళు బ్యాంకు తమ్ముడు, పిల్లలు బ్యాంకు మాస్టారు అనేవాళ్ళు. మొదటి రోజే ఒక బుడ్డోడి తాడుముడి విప్పి తను సరిగ్గా వేసి ఇచ్చాడు. ఈలక్క ఒక్క ఈల వేసి అతన్ని పక్కకు పిలిచింది.

"చేతులు వెనక్కి కట్టుకో తమ్ముడూ."

"ఎందుకక్కా?"

"ముందుంటే ఊరుకోవు కాబట్టి. వాడి ముడి ఊడి టెంటు వాడి నెత్తిన పడనీ. అప్పుడు వాడే నిన్ను అడుగుతాడు. అడిగాక చూపించు, చెయ్యకు. నిప్పు, నీళ్ళు, కత్తి... ఈ మూడింటి దగ్గర మాత్రం రెప్ప వెయ్యడానికి వీల్లేదు."

"తప్పు చేస్తే తిట్టొచ్చా?"

"పక్కకు తీసుకెళ్ళి తిట్టు, కానీ పదిమందికీ కనబడే చోటే నిలబడి తిట్టు. ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకు. మెచ్చుకునేటప్పుడు మాత్రం అందరి ముందూ గట్టిగా అరిచి చెప్పు."

"ఇంకా?"

"తల్లిదండ్రులకు ముందే ఏదో ఒక పని అప్పజెప్పు. లేకపోతే వాళ్ళే కల్పించుకుంటారు. అంతకన్నా చీదర ఇంకోటి లేదు."

ఆ చివరి మాట ఆమే మరిచిపోయింది. క్యాంపు రోజు తల్లిదండ్రులకు ఏ పనీ చెప్పలేదు. "సాయంత్రం వచ్చి చూడండి, చేతుల్లో ఏమీ తేవద్దు" అని మాత్రం చెప్పి పంపింది.

క్యాంపు ఊరి అవతల, వాగు పక్కన. ఈలక్క పద్ధతి ఒక్కటే. ఏ జట్టు పొయ్యి ఆ జట్టుదే. కర్రలు ఏరుకోవడం, బియ్యం కడగడం, మంట పెట్టడం అంతా పిల్లలే. వాళ్ళు పెడితే పెద్దవాళ్ళు తినాలి, అదీ అందరికన్నా ఆఖరున. కొన్నేళ్ళుగా అలాగే జరుగుతోంది. మాడిన అన్నం తిన్నారు, పలుకన్నం తిన్నారు, మరుసటి యేటికి తినదగ్గ అన్నం తిన్నారు.

ఆ యేడు ఒక జట్టుకు నాయకురాలు వసపిట్ట. ఆగకుండా మాట్లాడుతుందని ఆ పేరు. కమిటీ ప్రెసిడెంటు కూతురు. ఆయనది టైర్ల కొట్టు, అందరూ టైర్లాయన అంటారు. తడి కర్రలు రాజుకోక, వసపిట్ట జట్టు ఆడపిల్లలు ఊది ఊది బుగ్గలు నొప్పి పుట్టి, ముఖాలకు మసి పూసుకుని, మధ్యాహ్నం దాటాక ఎసరు మరిగించగలిగారు. "ఇదిగో ఉడుకుతోంది, ఇదిగో పొంగింది, ఎవరూ మూత తియ్యకండే, నేను తీస్తా" అంటూ ఆ పిల్ల నోరు మూతపడలేదు.

అప్పుడు కార్లు వచ్చాయి.

"పాపం పిల్లలు పొగలో మగ్గిపోతున్నార్రా! రండి రండి, వేడివేడిగా తెచ్చాం!" అంటూ టైర్లాయన కొత్త బూట్లతో దిగాడు. వెనక నలుగురు తండ్రులు పెద్ద పెద్ద గిన్నెలు దింపారు. ఈలక్క ఈల వేసింది. మళ్ళీ వేసింది. ఎవరూ తిరిగి చూడలేదు. పొయ్యిల మీద సగం ఉడికిన అన్నం వదిలేసి పిల్లలు పళ్ళేలు పట్టుకుని పరుగెత్తారు.

తర్వాత జరిగిందంతా ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. ఒకాయన నూనె చేతులు తెచ్చి తాగేనీళ్ళ బకెట్‌లో ముంచి కడిగాడు. నీళ్ళ మీద నూనె చుక్కలు కళ్ళలా తేలాయి. ఇంకొకాయన రెండు వేళ్ళతో ముక్కు చీది, ఆ వేళ్ళు టెంటు గుడ్డకు రాశాడు. తినగా మిగిలిందంతా పొదల్లోకి విసిరారు. ఈగలు అప్పుడే ఆనవాలు పట్టాయి. ఈలక్కకు నోట్లో ఉప్పునీళ్ళు ఊరాయి. పొద్దున తాగిన టీ గొంతు దాకా వచ్చి దిగింది.

వసపిట్ట జట్టు మాత్రం లేవలేదు.

"మా అన్నం ఉడుకుతోంది నాన్నా. మేం రాం."

"ఓహో! ఏదీ, మా వంటమాస్టరు గారి చేతి రుచి చూద్దాం!" టైర్లాయన గరిటె పట్టుకుని గిన్నెలో ముంచి, గరిటెతోనే నోట్లో పోసుకున్నాడు. పలుకు, పొగ వాసన, పైగా నాలుక చుర్రుమంది. "థూ!" అని తిరిగి గిన్నెలోకే ఉమ్మాడు. "ఇది మనుషులు తినేదేనటే!" అంటూ పెద్దగా నవ్వి, అదే గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టి తిప్పాడు. ఆయన మీసం నుంచి గరిటె దాకా ఎంగిలి తీగ ఒకటి సాగి తెగింది.

ఈలక్క అక్కడే, ఆయన పక్కనే ఉంది. తప్పుకునే వ్యవధి లేకపోయింది.

ఆయన గంతేశాడు. అందరూ తిరిగి చూసేసరికి కనబడింది గిన్నె, గరిటె, నడుం వంచి నిలబడ్డ ఈలక్క, ఎడమ బూటు.

"ఏమైందండీ?" అన్నారెవరో.

"ఏమవుతుంది! చూడండి వీళ్ళ వంట మహిమ!" అన్నాడు టైర్లాయన. ఆ మాట అక్కణ్ణించి కార్లెక్కి ఊళ్ళోకి వచ్చింది.

కార్లు వెళ్ళాక వసపిట్ట జట్టును లేపి, ఆ అన్నం గోతిలో పోయించి మట్టి కప్పించింది. గిన్నె వాగు దగ్గరికి తీసుకెళ్ళి బూడిదతో తోమింది. కడిగి, ఇసుకతో తోమింది. మళ్ళీ బూడిద. దాంట్లో నీళ్ళు మరగబెట్టి పారబోసి, కొత్తగా బియ్యం పోసింది. ఈలక్క చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడింది.

పిల్ల ఆమె దగ్గరకు వచ్చింది. "అక్కా, నాన్న అందులో ఉమ్మిన సంగతి ఎవరికీ చెప్పకండి."

"చెప్పను."

"బ్యాంకు మాస్టారికి కూడా."

"స్కౌట్ మాట."

తర్వాతి కమిటీ సమావేశంలో టైర్లాయన కొత్త బూట్లు, వేరే జత, టేబుల్ కింద చాపుకుని కూర్చున్నాడు. ఇకమీదట క్యాంపులకు వంటవాళ్ళను పెడదామన్నాడు. టెంట్లు వేయడానికి కూడా మనుషులు దొరుకుతారన్నాడు. "ఆవిడకే ఇమడలేదు కదండీ, కళ్ళారా చూశాం" అని ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ మీసం కింద పెదాలు కదులుతుంటే ఈలక్కకు మళ్ళీ ఉప్పునీళ్ళు ఊరాయి. వంటవాళ్ళు వస్తే తర్వాత కర్రలు ఏరేవాళ్ళు వస్తారు. పిల్లలు స్కార్ఫులు కట్టుకుని ఫొటోలు దిగి ఇంటికి పోతారు. ఇన్నేళ్ళ ఆదివారాలూ సింకులో బిస్కెట్లలా నానిపోతాయి.

బ్యాంకు తమ్ముడు చెవి దగ్గరికి వంగాడు. "అక్కా, ఆ రోజు ఇంకేదో జరిగింది. నోరు విప్పరేం?"

"పిల్లలు చెప్పొద్దన్న మాట రెండు రకాలు తమ్ముడూ. దాంట్లో వాళ్ళకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే, ఒక్క నిమిషం దాచకు. ఉత్త సిగ్గే ఉంటే, ప్రాణం పోయినా బయటపెట్టకు."

"ఇది ఏ రకం?"

"రెండోది. ఇంక అడక్కు."

ఆమె లేచి నిలబడింది. నలుగురిలో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు సన్నబడుతుంది. ఆ రోజూ సన్నబడింది. "వచ్చే ఆదివారం ఇక్కడే, బడి ఆవరణలో పిల్లలు వండుతారు. మీరంతా రండి. అన్ని గిన్నెల్లోంచీ ముందు నేను తింటాను. ఆపైన మీ ఇష్టం."

"బూట్లు ఇంట్లో వదిలి రావాలా అమ్మా?" అన్నాడు టైర్లాయన. అందరూ నవ్వారు. ఆమె బల్ల మీది టీ కప్పులో తేలుతున్న సిగరెట్ పీక వైపు చూసి కూర్చుంది.

ఆదివారం జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు, తినడానికి కాదు, కక్కితే చూడడానికి. మగపిల్లల జట్టు అన్నం అడుగంటింది. చిన్నపిల్లల కూరలో ఉప్పు ఇద్దరు వేశారు. ఈలక్క పళ్ళెం పట్టుకుని ఒక్కో పొయ్యి దగ్గరా కూర్చుని, నెమ్మదిగా, మెతుకు వదలకుండా తింది. ఉప్పు కూర దగ్గర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కానీ మింగింది. తర్వాత మిగతావాళ్ళూ కూర్చున్నారు. వసపిట్ట ఒక పళ్ళెం నింపి, తిన్నగా తండ్రి దగ్గరకు నడిచింది.

"తినండి నాన్నా. ఈసారి ఉడికింది."

ఆయన ఫోను తీశాడు. ఆ పిల్ల పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడింది. వాగుడు లేదు, నవ్వు లేదు. ఆయన చుట్టూ చూసి, ఈలక్కను చూసి, చూపు దించేసుకుని పళ్ళెం అందుకున్నాడు. మొత్తం తిన్నాడు. ఎక్కడా ఉమ్మలేదు. మూతి తుడుచుకుని, "వంటవాళ్ళ సంగతి తర్వాత చూద్దాంలెండి" అన్నాడు. తర్వాత ఎవరూ చూడలేదు.

పళ్ళెం మాత్రం ఆయన అక్కడే వదిలి, అందులోనే చెయ్యి కడిగి వెళ్ళాడు. ఈలక్క మూతి ముడుచుకుంది. బ్యాంకు తమ్ముడు దాన్ని తియ్యబోతే, "చేతులు వెనక్కి" అంది. ఆయన కార్లో కూర్చోబోతుండగా వసపిట్ట పరుగెత్తి వెళ్ళి వెనక్కి పిలుచుకొచ్చింది. ఆ పళ్ళెం ఆయనే కడిగాడు, జిడ్డు సరిగా పోలేదు.

కథ మాత్రం ఆగలేదు. ఆదివారం ఆవిడ నాలుక కింద వాంతులు ఆపే మాత్ర పెట్టుకుని తిన్నదని క్షవరం కొట్లో కొత్తగా చేరింది. ఈలక్క చెవిన పడినా, ఎంగిలి స్టాంపు కవర్లు గోళ్ళతో పట్టుకుని పక్కన పెట్టుకుంటూ పోతుంది.

క్యాంపు రోజు కక్కుకునే వేళకు ఆమె కడుపులో ఉన్నది పొద్దుటి టీ ఒక్కటే. వసపిట్ట వాగులో తోమి తెచ్చిన ఆ గిన్నెలో మళ్ళీ వండిన అన్నాన్ని, పొద్దుగూకే ముందు, ఆమె మారు అడిగి వేయించుకుని తిన్నది.