పెద్దబావ మీసం, టీవీలో నలుగురు దొరలు

మా పెద్దబావ మీసాన్ని ప్లాస్టిక్ డ్రమ్ముల మీద పందెం కాయించింది నేనే. అందుకు నాకేమీ విచారం లేదు. ఆ మీసాన్ని చూసినవాళ్ళెవరూ నన్ను తప్పు పట్టరు కూడా. రెండు కొసలూ పైకి మెలితిరిగి, బట్టలారేసుకోవడానికి వీలుగా ఉంటాయి. ఒకసారి తుఫానులో తెడ్డు విరిగితే ఆ కొసలకే తువ్వాలు కట్టి, తెరచాపలా చేసుకుని ఒడ్డుకు వచ్చేశాడని నేను చెబుతుంటాను. ఆయన కాదనడు.

నాకు ఒక అక్క, ఒక చెల్లి. అక్కను చేసుకున్న పెద్దబావ సముద్రం మీద వేటకెళ్తాడు. ఒడ్డు నుంచి పెద్ద వల లాగేటప్పుడు పాట చెప్పేది కూడా ఆయనే. చెల్లిని చేసుకున్న చిన్నబావకు స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, మల్కాపురంలో కాపురం. అతనూ మా పేటలో పుట్టినవాడే గాని, బూట్లు తొడిగినప్పటి నుంచి ఇసక పడదు. తోడల్లుళ్ళు కదా, ఒకరి గొప్ప ఇంకొకరికి గిట్టదు. ఇద్దరి ఇళ్ళలోనూ భోంచేసేవాణ్ణి కాబట్టి నేను ఎవరి పక్షమూ కాదు.

బదిలీ మీద వెళ్ళిపోతున్న ఇంజనీరు ఎవరో చిన్నబావకు ఒక వీడియో గేము ఇచ్చిపోయాడు. దానితో పాటు ప్లాస్టిక్ గిటారు, ప్లాస్టిక్ డ్రమ్ములు. ఆ ఆటంతా ఒకే ఒక్క బ్యాండుది. లోకమంతా ఎరిగిన నలుగురు దొరలు టీవీలో నిలబడి వాళ్ళ పాటలే పాడుకుంటారు. తెర మీద ఒక రోడ్డులాంటిది ఉంటుంది. దాని మీద రంగు చుక్కలు మనవైపు జారి వస్తాయి. కింద గీత మీదికి చుక్క వచ్చిన క్షణాన ఆ రంగు డ్రమ్ము కొట్టాలి. కొడితే టీవీలో ఉన్న జనం కేరింతలు కొడతారు. తప్పితే అదే జనం ‘ఊఊ’ అని వెక్కిరిస్తారు. మరీ తప్పితే పాట ఆపేసి బయటికి నెట్టేస్తారు. డబ్బులిచ్చి కొనుక్కున్నవాణ్ణి వాడి హాల్లోనే అవమానించే ఆట నేను ఇదొక్కటే చూశాను.

ఒక ఆదివారం పెద్దబావ మా చెల్లి వాళ్ళింటికి వంజరం చేప ముక్కలు తెచ్చి, చిన్నబావ ఆ డ్రమ్ములు కొడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. “ఇదేటి, పెద్దోళ్ళాడుకునే గిలక్కాయా?” అని వెళ్ళిపోబోయాడు. అలా వెళ్ళిపోతే ఆదివారం చప్పగా గడిచిపోతుంది. అందుకని నేను ఒక చరిత్ర చెప్పాను. ఆ నలుగురిలో డ్రమ్ములు కొట్టేవాడు కుర్రతనంలో ఓడెక్కి మన పోర్టుకు వచ్చాడనీ, ఒడ్డున పెద్దబావ తాత పాట చెప్పి వల లాగిస్తుంటే విన్నాడనీ, ఆ దెబ్బే పట్టుకుపోయి కోటీశ్వరుడయ్యాడనీ. సాక్ష్యం కావాలంటే టీవీలో ఉన్నాడు కదా, అడగమన్నాను.

పెద్దబావ తువ్వాలు నడుముకు బిగించి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. చుక్క గీత దాటిపోయాక కొట్టాడు. తరవాతిదీ దాటాకే కొట్టాడు. ఒక్కటంటే ఒక్కటి గీత మీద పడలేదు. టీవీలో జనం ఊఊ అన్నారు, పాట ఆగిపోయింది. చిన్నబావ సోఫాలో వెనక్కి వాలి, “అన్నయ్యా, ఇది సేపలు పట్టినట్టు కాదు, బుర్రుండాలి” అన్నాడు.

పెద్దబావ ముఖం ఎర్రబడింది. నేను ఆలస్యం చేయలేదు. వచ్చే ఆదివారం ఇదే పాట, మళ్ళీ గెంటించుకుంటే మీసం తీసెయ్యాలి, పాట చివరిదాకా నిలబడితే చిన్నబావ వచ్చి వల లాగాలి అన్నాను. ఇద్దరూ రోషం మీద ఒప్పుకున్నారు. అక్క మాత్రం సంబరపడింది. “ఓడిపోతే మంచిదే. పులుసు సగం ఆ మీసమే తాగేత్తంది.”

ఆ వారమంతా పెద్దబావకు తిండి సహించలేదు. మీసం లేకుండా ఒడ్డున నిలబడి పాట చెబితే ఎవడు తాడు లాగుతాడు, అదీ ఆయన బెంగ. సందులో నడుస్తూ కూడా అరచేత్తో మీసం కప్పుకునేవాడు, అప్పుడే బోడి మూతికి గాలి తగులుతోందన్నట్టు.

పరామర్శించే నెపంతో, కాస్త ఎగదోద్దామని ఒకరోజు ఒడ్డుకు వెళ్ళాను. వల లాగుతున్నారు. పెద్దబావ తాళ్ళ ముందు నిలబడి ఒక ముక్క పాడుతున్నాడు. అది పూర్తయ్యాక అందరూ హైలెస్సా అని ఒక్క గుంజు గుంజుతున్నారు. మళ్ళీ ముక్క, మళ్ళీ గుంజు. ఉన్నట్టుండి ఆయన పాట ఆపేశాడు. తాడు పట్టుకున్నవాళ్ళు సగం వంగి అలాగే ఉండిపోయారు. ఆయన నావైపు తిరిగాడు.

“బామ్మర్దీ, టీవీలో ఆళ్ళు పాట సెప్తంటే నాను లాగుతున్నాన్రా. అందుకే ఎనకబడిపోతన్నాను. నానెప్పుడైనా లాగీవోణ్ణా? సెప్పీవోణ్ణి గదా!”

చిన్నప్పటి నుంచి ఈ ఒడ్డున పెరిగిన చెయ్యి అది. ఎదుటివాడు పాడితే, పాట అయ్యాక జవాబు చెప్పడమే దానికి తెలుసు. ఆ నలుగురు దొరలనూ పాట చెప్పేవాళ్ళనుకుని, మర్యాదగా వాళ్ళ వెనకాల తాడు లాగాడు పాపం.

ఆదివారం నాడు పెద్దబావ పీట మీద కూర్చుంటూనే టీవీ గొంతు నొక్కెయ్యమన్నాడు. అది తొండి అన్నాడు చిన్నబావ. పందెంలో పాట వినాలని ఎక్కడా లేదని నేను తీర్పు చెప్పాను. పెద్దబావ తన వల పాట అందుకున్నాడు. పాట తనది, దెబ్బా తనదే. చుక్కలు గీత మీదికి వస్తుంటే, చెప్పేవాడి ధీమాతో ఒక్కొక్కదాన్నీ వాయించాడు. టీవీలో నలుగురు దొరలూ మూగగా నోళ్ళు ఆడిస్తూ ఆయన వెనకాల పరిగెత్తారు. మధ్యలో కొన్ని తప్పాయి గాని గెంటలేదు. పాట అయిపోయేసరికి మా చెల్లి వంటగదిలోంచి హైలెస్సా అంది.

మర్నాడు పొద్దున్నే చిన్నబావ సెలవు పెట్టి, ప్యాంటు మడిచి, తాడు పట్టాడు. ఆ ఆట అతనికి బాగా వంటబట్టింది. పెద్దబావ పాట ఎత్తగానే, చుక్క గీత మీద పడ్డట్టు ఠక్కున గుంజాడు. తాడు మీద ఉన్న మిగతావాళ్ళంతా పాట పూర్తవడం కోసం ఆగి ఉన్నారు. అంటే ఆ క్షణంలో బంగాళాఖాతంతో చిన్నబావ ఒక్కడే తలపడుతున్నాడన్నమాట. సముద్రం తిరిగి గుంజింది. చిన్నబావ బోర్లాపడ్డాడు, మీదికి కెరటం వచ్చి పడింది, నోట్లో ఇసకతో లేచాడు.

పెద్దబావ మీసం మెలేసి ‘ఊఊ’ అన్నాడు. తాడు తాడంతా ‘ఊఊ’ అంది. నేను పడవ చాటున నిలబడి అందరికంటే గట్టిగా అన్నాను. అదే పొరపాటయింది.

“ఏరా బామ్మర్దీ, ఆ దొర మా తాతకాడ దెబ్బ పట్టుకుపోయాడన్నావ్ గదా. రా, నువ్వేటి పట్టుకుపోతావో సూద్దాం.”

నేను పట్టుకుపోయింది అరచేతుల్లో బొబ్బలు. వలలో పడింది వేలెడేసి నెత్తళ్ళు, బుట్టెడు. ఎవరైనా అడిగితే మాత్రం ఏనుగంత సొరచేప పడిందనీ, చిన్నబావను నీళ్ళలోకి లాగింది అదేననీ చెబుతుంటాను. అతనూ కాదనడు.