ఎన్ని దినాలకు మూట?

హులిగమ్మ మూట కట్టిందంటే ట్రాక్టరు గుంతలో పడ్డా గుడ్డు పగలదని మా ఊళ్ళో మాట. కోసిగి పక్కన మాది వానను నమ్ముకోలేని ఊరు. దీపావళి పోయాక సగం జనం సుగ్గికి, అంటే గుంటూరు వైపు పత్తి, మిరప కోతలకు, పిల్లాజెల్లాతో బయలుదేరుతారు. అప్పుడు ఇంటింటివాళ్ళూ హులిగమ్మనే పిలిచేవాళ్ళు. ఆమె అడిగేది ఒక్కటే.

"ఎన్ని దినాలకు?"

అరవై అంటే అరవై దినాలకు జొన్నలు, కారం, వంటచెరకు. తిరిగొచ్చేసరికి సంచి అడుగున పిడికెడు మిగిలేది. ఇంట్లోంచి ఏం తీసుకుపోయినా దూలానికి వేలాడే విత్తనాల మూటను మాత్రం ముట్టనిచ్చేది కాదు. అది ఇంట్లో ఉంటేనే మనిషి తిరిగొస్తాడని ఆమె నమ్మకం.

అంతటి మనిషి పోయిన వేసవిలో నేను పత్తి తూచి కొనే కాటా ముందు తల పట్టుకుని కూర్చుంది.

ఆమె భర్త తిరుపాల్ ఆరేళ్ళుగా మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఆ వేసవికి పెళ్ళానికీ ఇద్దరు పిల్లలకూ వీసాలు తెచ్చాడు. వచ్చిన రోజే ఆమె అడిగింది.

"ఎన్ని దినాలకు కట్టల్ల, సెప్పప్పా?"

"సూద్దాంలే" అన్నాడు తిరుపాల్.

చూద్దాం అంటే ఎన్ని సేర్ల జొన్నలు? పక్కింటి వీరమ్మ రెండేళ్ళంది. ఆదోనిలో టికెట్లు చేసినతను వీసా ఉన్నన్నాళ్ళు అన్నాడు. చూస్తే తిరుపాల్ పెద్దపిల్లకు బడిలో టీసీ కూడా తీసేసుకున్నాడు. హులిగమ్మకు ఏమీ అర్థం కాలేదు. మొదట సుగ్గికి కట్టినట్టే పొయ్యిరాళ్ళతో సహా కట్టింది. ఆడ గ్యాసుంటాదని తిరుపాల్ నవ్వాడు. విప్పింది. రెండేళ్ళకని ఎమ్మిగనూరు దుప్పట్లు ఎనిమిది కొని మళ్ళీ కట్టింది. అవీ విప్పింది. పిల్లలు వారం రోజులు గుడ్డల కుప్పల మీదే పడుకున్నారు.

నాకు కోపం ముక్కుమీదుంటుంది. "ఏదో ఒకటి కట్టుకోని పోమ్మా, ఆడ అంగళ్ళు లేవా?" అని కసిరాను.

"అంగళ్ళు యాడైనా ఉంటాయి యెంకటేశులన్నా. ఎన్నాళ్ళకో తెల్దంటే కాళ్ళూ చేతులూ ఆడటంల్యా" అంది. కసిరినందుకు సిగ్గేసింది.

నాలుగు టికెట్లకు నూట ఇరవై కిలోలే పట్టుకుపోనిస్తారట. నా కాటా మీద నూట ముప్పై ఎనిమిది తూగింది. తీయక తప్పదని పెట్టెలన్నీ అక్కడే తెరిచారు. రొట్టెల పెనం బయటికొచ్చింది, రొట్టెల్లోకి నంజుకునే ఊరిమిండి డబ్బాలు వచ్చాయి. తిరుపాల్ పెట్టెలో, ప్యాంట్ల కింద, వేపాకు వాసన కొట్టే తెల్లగుడ్డ మూట కనబడింది.

దూలానికి వేలాడాల్సిన పచ్చజొన్న విత్తనం అది.

"ఇది ఎవురు పెట్టినారు?" అంది హులిగమ్మ.

"నేనే. ఎలకల పాలైతాది కదా అని. ఆడ రొట్టెలకైనా అయితాది" అన్నాడు తిరుపాల్ నేల చూస్తూ.

ఆమె మూటను తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే, ఇంగ మనం తిరిగి రామనేనా?"

తిరుపాల్‌ను నాలుగు మాటలు తిడదామని నోరు తెరిచాను. కానీ అతని కళ్ళలో నీళ్ళు. "నాకూ తెల్దు హులిగీ. కంపెనీ పెట్టుకుంటే ఉంటాం, పొమ్మంటే వస్తాం. పిల్లోల్లు ఆడ ఇస్కూల్లో పడితే ఏమో. నిజంగా తెల్దు" అన్నాడు.

పాపం, దాచిపెట్టాడనుకున్నాం. తెలిస్తే గదా దాచడానికి!

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "రెండేండ్లని సెప్పు. అబద్దమైనా సెప్పు. కట్టుకుంటా."

"రెండేండ్లు" అన్నాడు.

అంతే, చేతులు కదిలాయి. ఏది ఉండాలో, ఏది పోవాలో ఇక ఒక్కరినీ అడగలేదు. అరగంటలో కాటా మీద నూట పందొమ్మిదిన్నర తూగింది.

విత్తనాల మూట తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నా, మా ఇంటికి తాళం పడతాది. మీ దూలానికి కట్టు."

రెండేళ్ళు నిలవున్న జొన్న సరిగా మొలవదని నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

తొలకరికి ఆ గింజలు మా చేలో నాలుగు సాళ్ళు వేశాను. పండిన కొత్త గింజలను అదే గుడ్డలో వేపాకు వేసి కట్టాను. మొన్న హులిగమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, ఇత్తనం ఉందా?"

"ఉందమ్మా. ఈయేడు పండిందే. మీ చేనికి సరిపోతాది."

ఆ పక్కనుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఎప్పుడొస్తారమ్మా అని నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే మళ్ళీ ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడవు.