కోటిగాడి మూత

కూర్చో ఇలా. చెవిలో ఆ ఇయర్‌ఫోన్ తియ్యి, రెండోది కూడా. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు, మధ్యలో నీ సండే స్కూల్ తెలుగు దూర్చకు. సరిగ్గా విను, మళ్ళీ చెప్పలేను. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఒక ఇనప మూత నా గుండె మీద బోర్లించి ఉంది. ఇవాళ దాన్ని దించేస్తాను. దిగుతుందో లేదో తెలీదు.

మీ తెలుగు అసోసియేషన్ వాళ్ళు పుస్తకానికి పెద్దవాళ్ళ జ్ఞాపకాలు కావాలన్నారుగా. పేరు లేకుండా కూడా వేస్తారట. అందరూ పెరట్లో జామచెట్టు గురించి రాస్తారు చూడు. వాళ్ళే రాసుకుని, వాళ్ళే చదువుకుని, వాళ్ళే కళ్ళు తుడుచుకుంటారు. నాకు జామచెట్టు లేదు. నాకున్నది ఒక ప్లాజా పైకప్పు. అదే రాయి.

మొన్న నువ్వు కెచప్ సీసాకి మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టావు. మీ అమ్మ కేకలేస్తే, "సారీ, కోటిగాడి మూత" అన్నావు. అని నా వైపు తిరిగి, అసలు కోటి ఎవరు అమ్మమ్మా అన్నావు. నేను టీవీ సౌండ్ పెంచాను, గుర్తుందా? ఈ ఇంట్లోనే పెరిగిన పిల్లవి, ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడని నీకే తెలీదు. జాడీ మూత మరిచిపోతే కోటిగాడి మూత. కారు డిక్కీ తెరిచి వదిలేస్తే కోటిగాడి మూత. ఈ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఆ మాట తిరిగింది. పుట్టించింది నేను.

అప్పట్లో మీ తాతయ్యకీ నాకూ ఇక్కడే, అరోరాలో, మెయిన్ రోడ్డు పక్కన చిన్న ప్లాజా ఉండేది. వరసగా నాలుగైదు షాపులు, ముందు పార్కింగ్, పైన చదునుగా కప్పు. చలికాలం వెళ్ళేసరికి దాని మొహం చూడబుద్ధయ్యేది కాదు. మంచు కరగడానికి చల్లిన ఉప్పు నడిచే దారంతా తెల్లగా పేరుకుని ఉండేది. మంచు తోసే బండి గుద్ది గట్లు విరిగేవి. పార్కింగ్‌లో గుంతలు, కప్పు మీద కుళ్ళిన ఆకులు. ఏప్రిల్ వచ్చిందంటే అవన్నీ బాగుచేయించాలి. ఆ పని కోటేశ్వరరావుకి ఇచ్చేవాళ్ళం. మాకు చుట్టం కాదు, మా పుట్టింటి వైపు ఊరివాడు, అందుకని నన్ను అక్కా అనేవాడు.

వాడంటే నాకు మొదట్నుంచీ పడేది కాదు. తప్పు ఒప్పుకుంటున్నాను కదా అని ఇప్పుడు వాణ్ణి దేవుణ్ణి చేయను. పికప్ ట్రక్ దిగేవాడు కాదు, వేంచేసేవాడు. మబ్బు పట్టినా నల్ల కళ్ళద్దాలు. ఊళ్ళో వాడు కడిగే ప్రతి బిల్డింగూ "మన ప్రాపర్టీ" వాడికి. స్ప్రింగ్ క్లీనింగ్ అంటే ఏమనుకున్నావక్కా, బిల్డింగ్‌కి తలంటు పోయడం, అని ఏటా అదే డైలాగ్. గట్టర్ కడిగితే గట్టర్ మీద లెక్చర్. మొక్కల చుట్టూ మల్చ్, అదే చెక్కపొట్టు, పోసి, ఎడంగా నిలబడి, పెళ్ళిచూపులకొచ్చినవాడిలా చూసుకునేవాడు. లంచ్ బాక్స్ ట్రక్ ఇంజన్ మీద పెట్టి వేడిచేసుకునేవాడు. కోటీ, ఇంత దూరం వచ్చినా ఆ పల్లెటూరి బుద్ధులు పోనిచ్చుకోవా అని నలుగురిలో అనేదాన్ని. వాడు నవ్వేవాడు. సిగ్గు లేదు వెధవకి అనుకునేదాన్ని.

నేనో? ఊరందరికీ పద్ధతులు నేర్పే మనిషిని. కొత్తగా వచ్చిన జంటల్ని భోజనానికి పిలిచి, అన్నం పెట్టి మరీ క్లాసు పీకేదాన్ని. బాల్కనీలో బట్టలు ఆరేయకండమ్మా, ఇది మన ఊరు కాదు, మనల్ని చూసి నవ్వుతారు. వాళ్ళు బుద్ధిగా తలూపేవాళ్ళు. అటువంటి నేను ఏం చేశానో తెలుసా?

వడియాలు పెట్టాను. ప్లాజా కప్పు మీద.

నవ్వకు. కొట్టు.

ఇంట్లో పెడితే కాలనీ రూల్స్ చూసే హెచ్‌ఓఏ వాళ్ళు ఊరుకోరు. వాళ్ళు ఊరుకున్నా ఉడతలు ఊరుకోవు. ఆ కప్పంతా నల్ల రబ్బరు పరిచి ఉంటుంది. మే నెల ఎండకి అట్లపెనంలా కాలుతుంది. చుట్టూ పిట్టగోడ, కింది నుంచి ఎవరికీ కనపడదు. వెనక గదిలో నిచ్చెన ఉంది, పైన తలుపు ఉంది, తాళం నా దగ్గరే ఉంది. పైగా కోటి అప్పుడే కప్పు ఊడ్చి కడిగి వెళ్ళాడు, అద్దంలా ఉంది. అది చూసే నాకు బుద్ధి పుట్టింది. అంటే, వాడు అంత శుభ్రంగా చేసి ఉండకపోతే నేను వడియాలు పెట్టేదాన్నే కాదు. ఇన్నేళ్ళలో ఈ ముక్క ఇప్పుడే తట్టింది. రాయి, అదీ రాయి.

బూడిద గుమ్మడికాయ కోరి, మినప్పిండి రుబ్బి, పాత నూలు చీర పరిచాను. మూడు కొసల మీద పార్కింగ్‌లో గీతలు గీసే పసుపు రంగు డబ్బాలు పెట్టాను. నాలుగో కొసకి బరువు దొరకలేదు. ఇక్కడి గాలి సంగతి తెలుసుగా. అటూ ఇటూ చూశాను. కప్పు మధ్యలో వాన నీళ్ళు దిగే పైపు నోటి మీద మూకుడు బోర్లించినట్టు ఒక ఇనప మూత ఉంటుంది, చిల్లులతో. చెత్త పైపులోకి పోకుండా. పట్టుకుని లాగితే ఊడొచ్చింది. మంచి బరువు. తీసుకెళ్ళి పిట్టగోడ పక్కనున్న నాలుగో కొస మీద పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

వడియాలు నిక్షేపంగా ఎండాయి. ఒలిచి డబ్బాకెత్తి, రంగు డబ్బాలు కిందికి చేరేశాను. మర్నాడు రెండో వాయి పెట్టాలని చీర అక్కడే వదిలేశాను, దాని కొస మీద ఆ మూత. పైపు నోరు తెరుచుకునే ఉంది. ఆ రాత్రి వాన పట్టుకుంది.

పొద్దున్నే సుజాత ఫోను. మన ప్లాజాలో బట్టల షాపు సుజాత. బ్లౌజ్ పీస్ అమ్ముతున్నా కంచి మహారాణిలా మాట్లాడే మనిషి. ఆంటీ సీలింగ్ కూలిపోయింది, పట్టుచీరలన్నీ తడిసిపోయాయి అని ఏడుపు. మీ తాతయ్య డాలస్‌లో ఉన్నారు. నేను కోటికి ఫోన్ చేసి, వాడొచ్చేలోగా నేనే వెళ్ళి కప్పెక్కాను. ఎందుకు ఎక్కానో నాకు తెలుసు. నిచ్చెన సగంలో ఉండగానే తెలుసు.

కప్పంతా చెరువు. చీర ఈడ్చుకుపోయి పైపులో దిగింది, కొస మాత్రం పైన ఆడుతోంది. రెండు చేతులా పట్టుకుని లాగాను. గుడగుడమని నీళ్ళన్నీ దిగడం మొదలుపెట్టాయి. చీరని చెత్త సంచిలో కుక్కి, వెనక పెద్ద చెత్త డబ్బాలో, ఖాళీ మల్చ్ సంచుల అడుగున తోసేశాను. ఒక నూలు చీర పోయి షాపెడు పట్టుచీరల్ని ముంచింది. ఆ మాట ఎవరితోనన్నా అందామంటే లేదు, నవ్వుకోడానికి కూడా నేనొక్కదాన్నే.

మూత మాత్రం గోడ పక్కనే ఉండిపోయింది. తెచ్చి పెట్టేయొచ్చు. వాడి ట్రక్ చప్పుడు ఇంకా వినపడలేదు. చీర దాచే కంగారులో మరిచిపోయానా? కావాలనే వదిలేశానా? ఎన్నిసార్లు అడిగానో నన్ను నేను. మరిచిపోయానని చెప్పుకున్న రోజున అన్నం సహించేది. ఇవాళ అలా చెప్పను. మూత నాకు కనపడింది. చూసి దిగొచ్చాను.

కోటి వచ్చాడు, పైకెక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగినప్పుడు ఆ ఇనప మూతని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని దిగాడు. కళ్ళద్దాలు లేవు. సుజాత నా పక్కనే ఉంది, తడిసిన చీరలు భుజాన వేసుకుని.

"ఇది గోడ పక్కన ఉందక్కా. నేను పెట్టాను. కడిగి, మళ్ళీ పెట్టి, కాలితో తొక్కి చూశాను."

"మరి కాళ్ళొచ్చి నడిచెళ్ళిందా?"

"పెట్టానక్కా."

"అయితే నేనొచ్చి తీశానా, కోటీ? పనీపాటా లేక, నిచ్చెనెక్కి నీ మూతలు పీక్కుంటూ కూర్చున్నానా?"

అదీ నేనన్నది. చూశావా? నిజాన్నే చెప్పాను. ఎగతాళి చేసి చెప్పాను. నిజం చెప్పి అబద్ధమాడడం నా అంత బాగా ఎవరికీ రాదు. సుజాత ఏడుపు ఆపి నవ్వింది. కోటి నా మొహంలోకి చూశాడు. అప్పుడు నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు, అసోసియేషన్ మీటింగుల్లో పెట్టే మొహం. వాడు మూత వంక చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"పెట్టాననే అనుకున్నానక్కా."

ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. అప్పటికింకా ఆ అబద్ధం మా ముగ్గురి మధ్యే ఉంది కదా, కోటీ ఆగు, తీసింది నేనే అని ఉంటే సరిపోయేది. మహా అయితే ఏమయ్యేది? సుజాత ఊరంతా చెప్పేది. ఆవిడగారు కప్పు మీద వడియాలు పెట్టిందట అని ఓ నెల నవ్వేవాళ్ళు. అంతే. ఒక నెల నవ్వుకి భయపడి ఒక మనిషిని అమ్మేశాను.

మీ తాతయ్య తిరిగొచ్చి వాడికి పని మాన్పించేశారు. ఆయన ఎవరు చివర మాట్లాడితే వాళ్ళని నమ్మే మనిషి. చివర మాట్లాడేదాన్ని నేనే. పోయేదాకా ఆయనకి కూడా నిజం తెలీదు. నేను ఊరుకున్నానా? తలా ఓ వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లోనూ చెప్పాను. "కాలితో తొక్కి చూశానక్కా" అని వాడి గొంతుతో అని చూపించేదాన్ని. విరగబడి నవ్వేవాళ్ళు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ మూత ఎందుకు ఊడిందండీ అని అడగలేదు. అంత చదువుకున్నవాళ్ళు, ప్లేట్‌లో పులిహోర పెట్టుకుని నవ్వడమే. వాడి చేత పని చేయించుకునే డేకేర్ వాళ్ళు వాణ్ణి మాన్పించేశారు, హోటల్ వాళ్ళు మాన్పించేశారు. వాడు ట్రక్ అమ్మేసి వేర్‌హౌస్‌లో చేరాడు. మంచిదేలే, ఉద్యోగంతో హెల్త్ ఇన్సూరెన్స్ వచ్చింది, మంచులో తిరిగే బాధ తప్పింది, అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత బాగా చెప్పుకున్నానంటే, వాడికి ఉపకారం చేసినట్టే అనిపించేది ఒక్కోసారి.

ఆ వడియాలేం చేశానో తెలుసా? ఓ డబ్బా సుజాతకి పంపాను, పాపం నష్టపోయిందని. కరకరలాడాయి ఆంటీ, ఎక్కడ ఎండబెట్టారు అని అడిగింది. ఇండియా నుంచి వచ్చాయన్నాను.

ఈ ఏప్రిల్‌లో గుడికెళ్ళాం కదా, నువ్వు రాలేదు, ఏదో ప్రాజెక్ట్ అన్నావు. పార్కింగ్‌లో కోటిని చూశాను. జుట్టంతా తెల్లబడింది. కారు లాక్ చేశాడు, నాలుగడుగులు వేశాడు, వెనక్కెళ్ళి హ్యాండిల్ లాగి చూశాడు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. వాళ్ళావిడ చేతిలో ప్రసాదం గిన్నెతో నిలబడి ఉంది. అలవాటైపోయిన మొహం. ఆయనంతే అక్కయ్యా అంది. పొయ్యి కట్టినా, తలుపేసినా, తన చేత్తో చేసింది తనే నమ్మరు, మీ ప్లాజా గొడవ అప్పట్నుంచీ, అంది. దెప్పలేదు. దెప్పితే బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని.

అక్కడ గుడి ముందు కూలీలు మొక్కలకి మల్చ్ పోస్తున్నారు. నాకేం పుట్టిందో, ఏం కోటీ, సరిగ్గా పోస్తున్నారంటావా అని అడిగాను. వాడు డబ్బా కొట్టుకోవాలని నాకు. కళ్ళద్దాలు పెట్టుకుని, నడుం మీద చెయ్యేసి, అలా కాదక్కా అని మొదలుపెట్టాలని. వాడు ఆ కుప్ప వంక చూశాడు. "ఏమో అక్కా, నాకేం తెలుసు" అన్నాడు.

వాడి గొప్పలు ఆగిపోతే చాలనుకునేదాన్ని ఒకప్పుడు. ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళ కింద నేను వాడి చేతుల్లోంచి ఏం తీసుకున్నానో ఆ పార్కింగ్‌లో కనపడింది. తీసుకుని ఏం చేసుకున్నాను? ఒక జోక్ చేసుకున్నాను. ఛీ.

ఏంటి, పేరు లేకపోయినా అందరికీ తెలిసిపోతుందా? తెలియనీ. నా పేరు మాత్రం వేయొద్దు. అది పిరికితనమే, రాయి పిరికితనమని. ఫోన్ చేసి వాడికే చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు. పర్వాలేదులే అక్కా అంటాడు. అది వినలేను. వాడి చేత ఆ మాట కూడా అనిపించుకుంటే నా అంత నీచురాలు ఇంకొకర్తి ఉండదు.

కోటిగాడు, వాడు, వీడు అని కొట్టావు కదా, అవన్నీ అలాగే ఉంచు. అవి నా నోటివి. కానీ చివర్న ఇలా కొట్టు. కోటేశ్వరరావు గారు. గారు పెట్టు. నోరు తిరగట్లేదు గానీ పెట్టు. కోటేశ్వరరావు గారు మూత పెట్టారు. కడిగి, పెట్టి, కాలితో తొక్కి చూశారు. తీసింది నేను.

కొట్టావా? ఏదీ, చదువు. మళ్ళీ చదువు... ఇంతే. చూడు, ఎంత చిన్న వాక్యమో. కాస్త ఊపిరాడుతోంది. అందుకు కూడా సిగ్గేస్తోంది.

అదుగో మీ అమ్మ, అన్నం వడ్డించేసిందట, చల్లారిపోతోందట. వస్తున్నానే, కేకలెందుకు, చెవులున్నాయి నాకు. నువ్వు మూసేయకు, ఒక్క ముక్క. చీర రంగు కూడా రాయి, ఆకుపచ్చ మీద ఎర్రంచు, సన్న గళ్ళు. ఎప్పుడైనా ఆయన ఇది చదివి, నిజంగానేనా అని మళ్ళీ అనుమానం వస్తే, ఆ చీర పైపులో ఎంత లోతుకి దిగిందో కూడా ఉండాలి, లాగిన చేతులు నావే, రాయి.